పనసతొన నోరు విప్పిన రోజు

నేను ఒక చేపల తొట్టిని. ఐదు అద్దం పలకలు, వాటి అంచుల్ని పట్టి ఉంచే జిగురు, ఇంతే నా ఒళ్ళు. తలుపుల్లేవు, తాళాల్లేవు, దాచుకోవడానికి చాటు లేదు. ఏ పక్కనుంచి చూసినా అవతలి పక్క కనిపించే జన్మ నాది. అలాంటి నా కడుపులో ఒకప్పుడు చేపలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోతుంటే, వాటిని చంపుతున్నదేమిటో ఇంట్లో ముగ్గురు మనుషులుండీ ఎవరికీ కనబడలేదు. నాకూ తెలియలేదు. చివరికి అది ఎలా దొరికిందో, దొరికిన సాయంత్రం ఆ ఇంట్లో ఎంత హడావిడి జరిగిందో చెప్పాలని నాకెప్పటినుంచో ఉబలాటం. తలుచుకుంటే ఇప్పటికీ నా నీళ్ళు ఉలిక్కిపడతాయి.

విశాఖపట్నంలో ఒక అద్దాల దుకాణంలో పుట్టాను. నన్ను చేసినాయన మామూలుగా కిటికీలకూ షోకేసులకూ అద్దాలు కోసేవాడు. గీత గీసి, బల్ల అంచున పెట్టి, టక్కున విరిచేవాడు. నన్ను అతికించాక నిండా నీళ్ళు పోసి, కింద పాత పేపరు పరిచి వెళ్ళిపోయాడు. మర్నాడు వచ్చి వంగి చూశాడు. పేపరు తడవలేదు. "పాసు" అన్నాడు. నా జీవితంలో నేను రాసిన పరీక్ష అదొక్కటే.

నా మొదటి కొలువు ఒక పళ్ళ డాక్టరు గారి దగ్గర, రోగులు కూర్చునే గదిలో. నాలో ఎర్రచేపలు తిరిగేవి. అవి నోరు తెరుస్తూ మూస్తూ ఉంటే, బుగ్గలు వాచినవాళ్ళు వాటివంకే చూసి చూసి తమకు తెలియకుండానే నోళ్ళు తెరిచి మూసేవారు. కొన్నాళ్ళకు డాక్టరు గారు ఆ గోడకు టీవీ పెట్టించారు. మనుషులకు కదిలే బొమ్మ ఉంటే చాలు, అది బతికుండక్కర్లేదని అప్పుడు తెలిసింది. నేను పాత సామాన్ల కొట్టుకు చేరాను. అక్కడ నాలో హెల్మెట్లు పేర్చి అమ్మారు. నాలో తలలన్నీ ఖాళీగా ఉన్న కాలం అదే.

ఆ కొట్టులోంచి నన్ను తీసుకెళ్ళినవాడు గంగునాయుడు. పోర్టులో క్రేను నడుపుతాడు. ఓడల్లోంచి బొగ్గు దించే మనిషి నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, ప్రతి గతుకు దగ్గరా "మెల్లగా బాబూ, మెల్లగా" అని డ్రైవరును బతిమాలుకుంటూ మర్రిపాలెంలో నాలుగంతస్తుల అపార్టుమెంటులో మొదటి అంతస్తు వాటాకు తీసుకొచ్చాడు. అతని పక్కన పదో తరగతి చదివే కూతురు తన్మయి. ఆ ఏడాదే వాళ్ళమ్మ జబ్బుచేసి పోయింది. ఇంట్లో మాట్లాడే మనిషి ఆవిడేనట. ఆవిడ పోయాక తండ్రీకూతుళ్ళిద్దరూ భోజనం దగ్గర కంచాల చప్పుడు వినుకుంటూ కూర్చునేవాళ్ళు. అందుకే కాబోలు, నా గాలి పంపు గుర్రుమంటుంటే తన్మయి దాన్ని ఎప్పుడూ విసుక్కోలేదు. ఇంట్లో ఏదో ఒకటి మాట్లాడుతోంది కదా అనుకుని ఉంటుంది.

ఆ పిల్ల నాలో సిక్లిడ్లను పెంచింది. ఆఫ్రికాలో మలావీ అనే పెద్ద సరస్సు ఉందిట, అక్కడి చేపల సంతతి అవి. అవి పొగరుబోతులు. ఎర్రచేపల్లాగ ఊరికే నోరు తెరుచుకుని ఉండవు. ప్రతిదానికీ ఒక రాయి, ఒక సందు, ఒక సరిహద్దు. నీలం రంగు మగచేప ఒకటి పొద్దస్తమానం గస్తీ తిరుగుతూ అందర్నీ అదిలించేది. దానికి తన్మయి 'కానిస్టేబుల్' అని పేరు పెట్టింది. పసుపుపచ్చగా మిసమిసలాడే ఆడచేప ఇంకొకటి ఉండేది. దాని పేరు పనసతొన.

తన్మయి డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా గంగునాయుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. సింహాచలం కొండమీద నలుగురి మధ్య జరిగిన పెళ్ళి. వచ్చినావిడ పేరు ఈశ్వరి. ఆర్టీసీలో కండక్టరు. విజయనగరం వైపు మనిషి. ఆవిడ గొంతు ఖంగుమని మోగుతుంది. వంటింట్లోంచి "కాఫీ" అంటే నా నీళ్ళమీద వలయాలు లేచేవి. ఆవిడ వస్తోందని ఇల్లు చక్కబెట్టే పనిలో గంగునాయుడు నా స్టాండుకు చెక్క తలుపులు పెట్టించాడు. కింద వేలాడే వైర్లూ ప్లగ్గులూ కనబడకుండా ఉంటాయని. తన్మయి నా గాలి పంపును ఆ పెట్టెలో పెట్టి, గొట్టాన్ని సందులోంచి పైకి లాగి, తలుపులు మూసింది. చూడ్డానికి నేను ముచ్చటగా తయారయ్యాను. అక్కడినుంచి నా కింద ఏం జరిగినా నాకు కనబడదు. నా అడుగున ఇసక, ఇసక కింద చెక్క.

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళూ పోట్లాడుకోలేదు. అంతకన్నా కష్టమైన పని చేశారు, మర్యాదగా ఉన్నారు. తన్మయి ఆవిడను "మీరు" అనేది. ఏ వరసా పెట్టి పిలిచేది కాదు. పిలవాల్సి వస్తే ఎదురుగా వెళ్ళి నిలబడేది. ఈశ్వరి కూడా ఆ పిల్లతో మాట్లాడాలంటే ముందు గొంతు తగ్గించుకునేది. బస్సునిండా జనాన్ని అదిలించే మనిషి, ఒక్క పిల్ల ముందు మాటలు వెతుక్కునేది. తన్మయి సాయంత్రాలు నా పక్కనున్న దివాను మీద కూర్చుని చదువుకునేది. ఇంటి వెనకే మురుగు పారే గెడ్డ. ఆ మురుగులోంచి దోమలు దండులా వచ్చేవి. ఆ పిల్ల ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో కాళ్ళు గోక్కుంటూ చదివేది.

అలాంటి రోజుల్లో ఒకనాడు తన్మయి నా అద్దానికి ముక్కు ఆనించి కెవ్వుమంది.

"నాన్నా! పనసతొన గొంతు చూడు!"

గంగునాయుడు పరుగెత్తుకొచ్చాడు. "ఏటైందే? వాచిందా?"

"వాచలేదు. గుడ్లు! నోట్లో పెట్టుకుంది! పిల్లలై ఈదేదాకా నోట్లోనే దాచుకుంటుంది. అన్నాళ్ళూ తిండి కూడా తినదు."

ఈశ్వరి వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. దగ్గరకొచ్చి చూడాలని ఉన్నట్టుంది, ఒక అడుగు వేసి ఆగిపోయింది. "నోట్లో పెట్టుకుని మింగకుండా ఎలాగుంటాదమ్మా?" అని మాత్రం అంది. తన్మయి "అదంతే" అంది. సంభాషణ అక్కడితో అయిపోయింది.

ఆ వారమే చావులు మొదలయ్యాయి.

మొదట చారల చేప ఒకటి. పొద్దున్న లేచేసరికి పక్కకు ఒరిగి తేలుతోంది. తర్వాత ఇంకొకటి. అవి చావడం మామూలుగా లేదు. ముందు ఒళ్ళు ఝాడించినట్టు వణికేవి. రాయికీ రాయికీ గుద్దుకుంటూ దూసుకెళ్ళేవి. గిరగిరా తిరిగి, పైకొచ్చి నోరెత్తి గాలి మింగేవి. ఆ తర్వాత ఇక కదిలేవి కావు. నా ఒళ్ళో అవి అలా కొట్టుకుంటుంటే నా అద్దాలు చిన్నగా టక టకమనేవి. నేనేం చెయ్యగలను? పట్టుకోవడమొక్కటే నాకొచ్చిన పని.

తన్మయి ఏడుస్తూ కూర్చోలేదు. చుక్కల మందు సీసాలతో నా నీళ్ళు పరీక్ష చేసింది. అమ్మోనియా లేదు. మేత మార్చింది. ఫిల్టర్ స్పాంజి నా నీళ్ళలోనే పిండి కడిగింది. కానిస్టేబుల్ కొట్టి చంపుతున్నాడేమోనని వాడికి మధ్యలో వల అడ్డం కట్టి ఖైదు చేసింది. ఖైదులో ఉండగా కూడా ఇంకో చేప పోయింది కాబట్టి వాణ్ణి నిర్దోషిగా వదిలేసింది. చేపల దుకాణంలో అడిగితే నీలం మందు ఇచ్చారు. అది పోస్తే నేను ఉజాలా నీళ్ళలా తయారయ్యాను, చేపలు మాత్రం ఆగలేదు. గంగునాయుడు దిష్టి అని తేల్చి నా మూతకు నిమ్మకాయ కట్టాడు. చేపలు పైకొచ్చి గాలికోసం నోరెత్తుతున్నాయి కదా, గాలి చాలడంలేదేమోనని తన్మయి గొట్టానికి పైనున్న మీట తిప్పి గాలి ఇంకా పెంచింది. బుడగలు నురుగులా పొంగాయి. మర్నాడు రెండు చేపలు పోయాయి.

నీళ్ళు మార్చిన రోజున కాస్త తేరుకునేవి. ఒక్కోరోజు ఏ గొడవా లేకుండా హాయిగా తిరిగేవి. ఆ పిల్ల ఊపిరి పీల్చుకునేలోగా మళ్ళీ మొదలు. పనసతొన మాత్రం ఇంత జరుగుతున్నా ఒక రాతి వెనక నక్కి, దవడ బిగించుకుని అలాగే ఉంది. రెక్కలు వణికినా నోరు తెరవలేదు.

తన్మయి నా ముందు కూర్చుని ఆలోచించేది. ఏ రోజు చచ్చాయి, ఏ రోజు చావలేదు. వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ. ఒకసారి వేళ్ళు ముడవడం ఆపి వంటింటి వైపు చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తు. నాలోంచే పోయింది కాబట్టి.

ఈశ్వరి డ్యూటీ మామూలు డ్యూటీ కాదు. ఒకరోజు ఇంటికొస్తే ఒకరోజు బస్సుతోబాటు ఏజెన్సీ ఊళ్ళో ఆగిపోయి మర్నాడు తిరిగొచ్చేది. ఆవిడ ఇంట్లో ఉన్న సాయంత్రం గడిచిందంటే తెల్లారేసరికి చేప తేలేది. ఆవిడ ఊళ్ళో ఆగిపోయిందంటే మర్నాడు అందరూ క్షేమం.

ఆ సాయంత్రం ఈశ్వరి ఇంకా ఖాకీ కోటు విప్పలేదు. చేతిసంచీ భుజాన్నే ఉంది. గంగునాయుడు టీ తాగుతున్నాడు. తన్మయి లేచి ఆవిడ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"మీరు లేని రోజున ఒక్క చేపా చావట్లేదు."

"ఏటన్నావమ్మా?"

"మీరింట్లో ఉన్న మర్నాడే చస్తున్నాయి. మీరు రాని మర్నాడు బావుంటున్నాయి. నేను చూస్తూనే ఉన్నాను. నేనిక్కడుండడం మీకిష్టం లేకపోతే నాతో చెప్పండి. చేపలేం చేశాయి మిమ్మల్ని?"

గంగునాయుడు గ్లాసు టక్కున పెట్టి లేచాడు. "తనూ! ఏటా కూతలు? పెద్దా చిన్నా లేదా?"

"మీరుండండి," అంది ఈశ్వరి. గొంతు తగ్గించలేదు ఈసారి. "పిల్ల లెక్క చెప్తంది. లెక్కలో తప్పుంటే తప్పని చూపించాల. అరిస్తే ఎలాగ?"

ఆవిడ సంచీ పట్టుకుని అలాగే నిలబడి లెక్క వేసుకుంది. మొహం మెల్లమెల్లగా మారిపోయింది. "నిజమే. నిన్న నేను పాడేరులో ఉండిపోయేను. ఏవీ చావలేదు. మొన్న ఇంటికాడున్నాను. రెండు పోయేయి. దానికి ముందూ అంతే." తలెత్తి తన్మయి కళ్ళలోకి చూసింది. "అయితే నేనేదో చేస్తన్నాను. ఏటి చేస్తన్నానో దేవుడి తోడు నాకు తెలీదు. నువ్వే పట్టుకోవాల. పట్టుకో నన్ను."

తన్మయి తడబడింది. ఆవిడ అరుస్తుందనో ఏడుస్తుందనో అనుకుని ఉంటుంది. ఇలా అంటుందని అనుకోలేదు.

ఈశ్వరి గబగబా గుమ్మం దాటి బయటికి పోయింది. చెప్పులు వేసుకుంది. మళ్ళీ లోపలికొచ్చింది. "ఇదిగో, డ్యూటీ దిగి వచ్చేను. రోజూ చేసేది చేసినట్టే చేస్తాను. నా ఎనకాలే రా. నేను ముట్టుకున్నదల్లా చూడు."

ఎంత వింతగా ఉందో ఆ ఊరేగింపు! ముందు ఈశ్వరి, వెనక తన్మయి, ఆ వెనక ఏం చెయ్యాలో తోచక గంగునాయుడు. ఆవిడ చెప్పులు విప్పింది. సంచీ మేకుకు తగిలించింది. వెనక బాల్కనీలో కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడిగింది.

"ఆ చేతులు నీళ్ళలో పెట్టారా ఎప్పుడైనా?"

"ఓలమ్మో, నాకా చేపలంటేనే బయిం. జారిపోతాయి."

దేవుడి దగ్గర దీపం పెట్టింది. అగరొత్తి వెలిగించింది. తన్మయి దాని పొగ ఎటు పోతోందో చూసింది. కిటికీలోంచి బయటికి పోతోంది. "అమ్మున్నప్పుడూ వెలిగించేవాళ్ళం," అని తనలో అనుకుంది. ఈశ్వరి కిటికీ తలుపులు దగ్గరగా వేసింది. దివాను మీద దుప్పటి సర్దింది. నా పక్కనున్న గోడ దగ్గరకొచ్చి, స్విచ్చి ఒకటి నొక్కి, వంటింటి వైపు కదిలింది.

"ఆగండి. ఇప్పుడేంటి నొక్కారు?"

"ఏది?"

"ఈ స్విచ్చి."

"అది దోమల మెషినుదమ్మా."

"ఏ మెషిను? మనింట్లో దోమల మెషిను లేదు."

ఈశ్వరి మొహం ఎర్రబడింది. "నేనే కొన్నాను. నీ కాళ్ళు చూసేను, అన్నీ దద్దుర్లు. పుస్తకం ఎదరెట్టుకుని గోక్కుంటన్నావు చదువుకునేటప్పుడల్లా. చెప్తే వద్దంటావేమోనని... ఆ కింద ప్లగ్గులుంటాయి కదా, ఆ పెట్టెలో పెట్టీసేను. సాయంత్రం వేసి, పొద్దున్న పోయేటప్పుడు ఆపీసి పోతన్నాను."

తన్మయి మోకాళ్ళమీద కూలబడి నా కింది తలుపులు లాగింది. నాకు కనబడలేదు గానీ, ఆ పిల్ల మొహం కనబడింది. మెషిను ఎర్రదీపం కాంతి చిన్న చుక్కలా దాని మీద పడింది.

"నాన్నా," అంది. "పంపు పక్కనే ఉంది. ఆనుకుని ఉంది."

"ఉంటే?"

"పంపు చుట్టూ ఉన్న గాలి పీల్చి నీళ్ళలోకి తోస్తుంది నాన్నా! తలుపులు మూసిన పెట్టె! అందులో మందు పొగ నిండిపోతుంది. అదంతా పంపు లాక్కుని చేపలకి ఊదుతోంది. మనిషికేం కాదు, చేపలకది విషం! నేను... నేను గాలి పెంచాను."

అప్పుడు నాకు అర్థమైంది. ఎన్నాళ్ళుగానో నా అడుగునుంచి ముత్యాల్లా లేచి, నన్ను గిలిగింతలు పెట్టిన ఆ బుడగలు! చూసేవాళ్ళందరూ అందంగా ఉన్నాయన్న బుడగలు!

తన్మయి రెండు ప్లగ్గులూ ఒక్కసారే పీకేసింది. గుర్రుమనే చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఈశ్వరి నిలబడ్డ చోటే కుర్చీలో కూర్చుండిపోయింది.

"అయితే నేనే చంపీసేను," అంది.

"తర్వాత ఏడుద్దాం!" తన్మయి అప్పటికే గొట్టం నాలో ముంచి నీళ్ళు బయటికి లాగుతోంది. "ఇప్పుడు నీళ్ళు కావాలి, చాలా నీళ్ళు! కుళాయివి వద్దు, క్లోరిన్. బోరు నీళ్ళు! కింద సెల్లారు దగ్గర బోరు పంపు ఉంది కదా, అవి ఉప్పగా ఉంటాయని ఎవరూ తాగరు, వీటికి అవే ఇష్టం!"

ఈశ్వరి లేచింది. ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. గుమ్మంలోకి దూకి, మెట్ల వైపు తలెత్తి, ఎంత గొంతుందో అంతా వాడింది.

"బకెట్లున్నోళ్ళు బకెట్లు పట్టుకుని బేగి రండి! బోరు కాడికి! బేగి! నిలబడి చూసేవోళ్ళు గోడవారకి జరగండి, దారొదలండి!"

నాలుగు అంతస్తులూ కదిలిపోయాయి. కొందరు నిప్పంటుకుందనుకున్నారు. మూడో అంతస్తు మేష్టారు ఇసక బకెట్టుతో దిగాడు. ఎవరో గుమ్మం మీద నీళ్ళు కుమ్మరించి "ఎక్కడండీ మంట?" అన్నారు. "మంట కాదు, చేపలు!" అంది ఈశ్వరి, అతని చేతిలో ఖాళీ బకెట్టు లాక్కుని. ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. అయినా వరసగా నిలబడిపోయారు. కండక్టరు చెప్తే నిలబడ్డం మనుషులకు ఒంట్లో ఉంటుంది కాబోలు. గంగునాయుడు బోరు దగ్గర నింపడం, మెట్ల మీంచి చేతులు మారడం, గుమ్మంలో ఈశ్వరి అందుకోవడం.

తన్మయి ముందు పనసతొనను గిన్నెలో నీళ్ళతో సహా తీసి వేరే బకెట్టులో వదిలింది. "నోరు తెరిపించొద్దు, దాన్ని కదపొద్దు," అని పదిసార్లు అంది. పాత నీళ్ళు బాల్కనీలోకి కాలువ కట్టాయి. కొత్త నీళ్ళు పడుతుంటే నాలో గాలి లేదు, బుడగల్లేవు.

"పంపు వాడకూడదు, దాని నిండా మందే. నీళ్ళు ఎత్తునుంచి పడాలి, అప్పుడే గాలి కలుస్తుంది. పిన్నీ, నువ్వు స్టూలెక్కు! ధారలాగ పొయ్యి! ఇంకా ఎత్తు! ఇంకా!"

ఈశ్వరి ఖాకీ కోటుతో స్టూలెక్కి, బిందె తలమీదకెత్తి పోసింది. పిన్నీ అన్నది తన్మయి గమనించలేదు. ఈశ్వరికి వినబడింది. బిందె ఒక్కసారి ఊగి, సగం నీళ్ళు అప్పుడే బకెట్టుతో పైకొచ్చిన గంగునాయుడి నెత్తిమీద పడ్డాయి. ఆమె మళ్ళీ నింపమంది, మళ్ళీ పోసింది. చేతులు లాగేస్తుంటే చెయ్యి మార్చి పోసింది. నేను నా జన్మలో అంత నీరు చూడలేదు. నిండుతున్నాను, ఖాళీ అవుతున్నాను, మళ్ళీ నిండుతున్నాను. నాలోంచి ఏదో మకిలి కొట్టుకుపోతున్నట్టుంది. పక్కింటావిడ వాళ్ళ నీళ్ళ ఫిల్టరులోని బొగ్గుల పొట్లం పీకి తెచ్చింది. మిగిలిన విషం పీల్చుకుంటుందని తన్మయి దాన్ని నా ఫిల్టరులో దోపింది.

కానిస్టేబుల్ దక్కలేదు. ఈశ్వరే వాణ్ణి చేతిలోకి తీసుకుంది, జారిపోతాయని భయపడిన మనిషి. బకెట్టు ధార కింద అరచేతుల్లో పట్టుకుని చాలాసేపు నిలబడింది. వాడి నీలం మెల్లగా బూడిదరంగుకు తిరిగింది. ఆ రౌడీ లేకపోతే నా మూలలు ఎంత బోసిపోతాయో అప్పుడు తెలిసింది. మిగిలినవి మాత్రం, చీకటి పడేసరికి, ఒకటొకటే నిలువుగా లేచి ఈదాయి. మేష్టారు, ఆయన మనవలూ, మెట్ల మీద జనమూ అందరూ వంతులవారీగా వచ్చి చూసి వెళ్ళారు.

మర్నాడు ఈశ్వరి పూలకుండీలో మట్టి తవ్వి కానిస్టేబుల్‌ను పూడ్చింది. తన్మయి పక్కన కూర్చుంది.

"నిన్న నేనన్న మాట..." అని మొదలుపెట్టింది.

"అన్నావు కాబట్టే దొరికింది," అంది ఈశ్వరి. "మనసులో పెట్టుకుని ఊరుకునుంటే అన్నీ పోయీవి. నువ్వు నామీద, నేను నీమీద అనుకుంటా కూర్చుందుం. నేనూ ఓ మాట చెప్పాల్సింది, మెషిను పెట్టేనని."

"పంపుని పెట్టెలో పెట్టి మూసింది నేను కదా."

గంగునాయుడు గుమ్మంలో నిలబడి తల గోక్కున్నాడు. "తలుపులు పెట్టించింది నేను."

తెలియకుండానే ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి చేసిన మొదటి పని, ఆ విషపు పెట్టె. రెండోది ముందురోజు సాయంత్రపు నీళ్ళ మోత. రెండో దాంతో మొదటిది కొట్టుకుపోయిందని నా నమ్మకం. ఆ ఆదివారం గంగునాయుడు నా తలుపులు విప్పేశాడు. ఈశ్వరి దివానుకు దోమతెర కట్టింది. కొత్త పంపు గోడమీద, అందరికీ కనబడేలా వేలాడింది.

పనసతొనను మళ్ళీ నాలోకి తెచ్చారు. అది నీరసించి, తల పెద్దదై, ఒళ్ళు సన్నబడి ఉంది. పిల్లలు లోపల బతికున్నాయో లేవో ఎవరికీ తెలియదు. ఇద్దరు ఆడవాళ్ళూ నా ముందు పక్కపక్కన కూర్చుని దాని దవడ కదలడం చూసేవాళ్ళు. "నమిలేస్తోందా?" అని ఒకరు, "కాదు, తిప్పుతోంది" అని ఇంకొకరు. ఈశ్వరి డ్యూటీలోంచి ఫోను చేసి "తొన ఎలాగుంది?" అని అడిగి పెట్టేసేది.

ఆ రోజు తన్మయి ఒక్కతే ఉంది. పనసతొన రాతి వెనకనుంచి మెల్లగా బయటికొచ్చింది. ఇసకకు ఆనుకుని, తల వంచి, నోరు విప్పింది. ఒక నలక ఊడిపడింది. కాదు, ఈదింది! దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి, కళ్ళు తప్ప ఇంకేమీ లేని పసుపు చుక్కలు! తన్మయి ఫోను తీసింది.

"పిన్నీ! విప్పింది! విప్పేసింది!"

అటువైపు బస్సు హోరు. "ఏటి విప్పింది? వినబడట్లేదు, ఎవరది టిక్కెట్టు తీసుకోనిది, ఆగండి... ఏటమ్మా?"

"పనసతొన నోరు విప్పింది! పిల్లలు! బతికున్నాయి, అన్నీ బతికున్నాయి!"

నా అద్దాలు అదిరేలా, "ఓలమ్మో! డ్రైవరు గారూ, మా ఇంట్లో పిల్లలు పుట్టేరండీ!" అంది ఆ గొంతు. బస్సంతా ఒక్కసారి గోలగోలగా అభినందించింది. ఎవరో ఆడపిల్లా మగపిల్లాడా అని అడిగారు. "ఇంకా తెలీదండీ, చానామంది!" అంది ఈశ్వరి. తన్మయి నవ్వి నవ్వి నేలమీద కూర్చుండిపోయింది. ఏడుస్తోంది కూడా. రెండూ ఒకేసారి చేసేది మనుషులే.

ఆ తర్వాత నాలో జనాభా ఎంత పెరిగిందో చెప్పలేను. ఇంట్లో బకెట్లు, బిందెలు, చివరికి ఊరగాయ జాడీ కూడా చేపపిల్లలే. తన్మయి పెంచేది, ఈశ్వరి పంచేది. నీళ్ళు నింపిన పాలిథిన్ సంచులు కండక్టరు సీటు పక్క మేకుకు వేలాడుతూ అనకాపల్లి వెళ్ళాయి, చోడవరం వెళ్ళాయి, ఘాటురోడ్డెక్కి పాడేరు వెళ్ళాయి. ఎక్కడ దిగేవాళ్ళకు అక్కడ చేప ఇచ్చి, దోమల మందు దగ్గర పెట్టొద్దని గట్టిగా చెప్పి పంపేది.

ఇప్పుడు నాకు వయసైంది. ఎడమ మూల జిగురు వదిలి చెమ్మ కారుతోంది. హాల్లో నాకన్నా పెద్ద తొట్టి వచ్చింది, నన్ను బాల్కనీలో పెట్టి సగం నీళ్ళతో పసిపిల్లల్ని పెంచమన్నారు. సగం నీళ్ళంటే చెమ్మ కారే చోటు పైనే ఉండిపోతుంది. నాకిదే హాయి.

నిన్న ఈశ్వరి డ్యూటీ దిగి, సంచీ కూడా తీయకుండా బాల్కనీలోకి వచ్చి తన్మయితో చెప్పింది. చోడవరం దగ్గర టీ కొట్టాయన పరుగెత్తుకొచ్చి కదిలే బస్సు ఆపాడట. "కండక్టరమ్మా, నువ్విచ్చిన చేపకేదో జబ్బు చేసింది, నోరు మూసుకుని కూర్చుంది, తిండి ముట్టదు" అని గోలపెట్టాడట.

"నువ్వేమన్నావు?" అంది తన్మయి.

"ఏటంటాను? బస్సులో అందరికీ వినబడేలాగ అరిచీసేను. 'దాన్ని ముట్టుకోకండి బాబూ! అది కడుపుతో ఉంది! కాదు, నోటితో ఉంది!' అని. బస్సంతా కిందికి దిగి చూసొచ్చింది. అరగంట లేటు."

ఇద్దరూ ఒకరి భుజంమీద ఒకరు పడి నవ్వారు. నేను అద్దాన్ని, ఉన్న చోటినుంచి కదలని దాన్ని. కానీ నా నీళ్ళు బస్సెక్కి ఎన్ని ఊళ్ళు తిరిగాయో! చోడవరంలో ఎవరి కొట్టులోనో, ఇంకేదో అద్దం వెనక, ఈపాటికి ఒక పసుపు చేప నోరు విప్పే ఉంటుంది.